చిట్టి అడిగిన ప్రశ్న

"గుండుకు గొంతిచ్చేది ఎవరప్పా ఈడ?"

స్టూడియో తలుపు దగ్గర ఒకమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో నీళ్లు కారుతున్న గొడుగు, ఇంకో చేతిలో అట్ట వేసిన నోటుబుక్కు. వానలో తడిసొచ్చిన మనిషి కాస్త చల్లబడి ఉండాలి కదా, ఈమె మాత్రం అప్పుడే పొయ్యి మీద నుంచి దిగినట్టుంది.

దేవరాజు నోరు విప్పకముందే అతని కుడిచేయి పైకి లేచింది. ఆ చేతికి గుండు అనే బొమ్మ తొడిగి ఉంది. "నేనే మేడం!" అన్నాడు గుండు, నోరంతా తెరిచి.

పిల్లలైతే ఈ పనికి పడిపడి నవ్వుతారు. ఆమె నవ్వలేదు. వంగి గుండు కళ్లలోకి చూసి, "నీతో కాదు నాయనా. నీ కింద ఉండే మనిషితో పనుండాది," అంది.

దేవరాజు గుండును మెల్లగా కిందికి దించాడు.

స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. నంద్యాల బస్టాండు వెనక ఒక మిద్దె మీద రెండు గదులు, అంతే. లోకల్ కేబుల్ ఛానెల్ అది. శనివారం పొద్దున పదిన్నరకు అందులో "ఎందుకెందుకు" అని పిల్లల సైన్సు ప్రోగ్రాం వస్తుంది. రాసేది దేవరాజు. గుండును ఆడించి మాట్లాడించేదీ అతడే. చిట్టి అనే ఆడపిల్ల బొమ్మను ఆడించేది, గొంతిచ్చేది రుక్సానక్క. గుండు ప్రశ్న అడుగుతాడు, తెల్లకోటు తొడుక్కున్న సైన్సు మామ జవాబు చెబుతాడు. ఆ మామ ఎవరో కాదు, ఛానెల్ ఓనరు శేషయ్య. కోటూ ఆయనదే, ఛానెలూ ఆయనదే కాబట్టి జవాబులు కూడా ఆయనవే.

నంద్యాలలో, శిరివెళ్లలో, ఆళ్లగడ్డలో టీచర్లు క్లాసులోనే టీవీ పెట్టి ఈ ప్రోగ్రాం చూపిస్తారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా దేవరాజు ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. ఈ అమ్మాయి కూడా మెచ్చుకోవడానికే వచ్చిందనుకుని కుర్చీ జరిపాడు.

ఆమె కూర్చోలేదు.

"నా పేరు పరంజ్యోతి. ఆళ్లగడ్డలో నాలుగో తరగతి టీచర్ని. మీవి ఇరవై నాలుగు ఎపిసోడ్లు చూసినా. గుండు నూటా ఎనభై ఆరు ప్రశ్నలు అడిగినాడు. చిట్టి ఎన్ని అడిగింది, చెప్పు?"

దేవరాజు పైకప్పు వైపు చూసి లెక్కేశాడు. "ఒక... ముప్పై?"

"ఒగటి."

"ఒగటేనా! ఏమడిగింది?"

"'గుండన్నా, టీ తాగుతావా?' అని."

లోపలి గదిలో రుక్సానా కిసుక్కుమంది. పరంజ్యోతి నోటుబుక్కు తెరిచింది. గీతలు, గడులు, ఎర్రసిరాతో మొత్తాలు. పరీక్ష పేపర్లు దిద్దే చేతిరాత.

"మిగతా టైమంతా చిట్టి ఏం జేస్తాందో విను. 'అబ్బా, భలే ఉందే!' అనేది డెబ్బై సార్లు. బల్లిని చూసి కెవ్వుమనేది ఆరు సార్లు. గుండు చేసిన ప్రయోగం తడి అయితే గుడ్డతో తుడిచేది పద్నాలుగు సార్లు."

"మేడం, మా అమ్మ తోడు, ఆడపిల్లల్ని తక్కువ చెయ్యాలని నేను రాయలే."

"అదే కదా నా బాధ. అనుకోకుండానే ఇంత చేసినావ్. అనుకొనింటే ఇంగేం చేసేటోనివో!"

ఆమె కాస్త గొంతు తగ్గించింది.

"పోయిన వారం మీ ప్రోగ్రాంనే నాటకం ఏద్దామన్నా క్లాసులో. ఆడపిల్లోల్లు తొమ్మిది మంది గుండు నేనంటే నేనని జుట్లు పట్టుకున్యారు. చిట్టి వేషం ఎవరూ వద్దన్యారు. సాయి ప్రియ అని ఒక పిల్ల ఉంది. దాన్ని చిట్టిగా ఉండమంటే, 'టీచర్, నేను గోడగా నిలబడతా. గోడకన్నా ఒక పనుంటాది' అనింది."

దేవరాజు చేతికున్న గుండు వైపు చూశాడు. తన ప్రోగ్రాం చూసి పిల్లలంతా సంబరపడుతున్నారనుకున్నాడు ఇన్నాళ్లూ. వాళ్లలో సగం మంది గోడగా ఉంటే మేలనుకుంటున్నారని అతనికి తోచనే లేదు.

కానీ తప్పు ఒప్పుకోవడం అంత సులభమైతే లోకం ఎప్పుడో బాగుపడేది. "అది కాదు మేడం," అన్నాడు. "గుండుకైతే నోరు తెరిచే కీలుంది. చిట్టిని ఎగ్జిబిషన్లో కొన్యాం. దానికి నోరు తెరుచుకోదు, ఉత్త రంగు పూసినారు. నోరు తెరవని బొమ్మతో ప్రశ్నలెట్ల అడిగించాల?"

పరంజ్యోతి అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత లోపలికి పోయి, రుక్సానా చేతిలోని చిట్టిని తీసుకుని తన సంచీలో పెట్టుకుంది.

"ఆర్నెల్లుగా నోరు లేని పిల్లతో ప్రోగ్రాం నడుపుతాండారు. మా నాయన శిల్పి. శనివారం మధ్యాన్నం ఆళ్లగడ్డకు రా, నోరున్న తల తీసకపో."

గొడుగు విదిలించుకుని మెట్లు దిగిపోయింది. దేవరాజు చాలాసేపు ఆ నీటి చుక్కలవైపు చూస్తూ నిలబడ్డాడు. ఇంత తిట్టించుకున్న మనిషికి కోపం రావాలి. శనివారానికి ఇంకా ఎన్ని రోజులుందో వేళ్లు మడిచి చూసుకోవడం ఏమిటి? అతనికే అర్థం కాలేదు.

*

ఆళ్లగడ్డలో రోడ్డు పక్క షెడ్లలో సగం చెక్కిన దేవుళ్లు వరుసగా నిలబడి ఉంటారు. పరంజ్యోతి వాళ్ల షెడ్డులో ఒక ఆంజనేయుడు, ఇద్దరు వినాయకులు, నడుం దాకా రాతిలోనే ఉన్న ఒక అమ్మవారు. వాళ్ల మధ్య రాతి పొడితో తెల్లబడి నరసింహులు.

"నువ్వేనా అప్పా టీవీ పిల్లోడివి?" అన్నాడు ఉలి ఆపకుండా. "నలభై ఏండ్లుగా చెక్కుతాండా. నోరు తెరిచే బొమ్మ కావాలన్నోడివి నువ్వొక్కడివే. దేవుళ్లెవరూ అడగలే."

"నేను కాదు సార్, మీ పాపే..."

"ఆ పక్కనుండాది పో."

షెడ్డు మూలన స్టూలు మీద కూర్చుని పరంజ్యోతి చిన్న ఉలితో తేలికచెక్క మీద చిట్టి దవడ చెక్కుతోంది. ముంగురుల మీద చెక్కపొట్టు. స్కూలు టీచరు చేతిలో ఉలి చూసి దేవరాజు ఆగిపోయాడు.

"ఏం, చెక్కకూడదా?"

"నేనేమన్లేదే!"

"నువ్వనకపోయినా నీ మొగం అనింది."

దవడ ఆ శనివారం కుదరలేదు. నోరు తెరుచుకుంది కానీ మూసుకోలేదు. రెండో శనివారం మూసుకుంది, తెరుచుకోలేదు. మూడోవారం కీలు సరిపోయింది గానీ చిట్టి మాట్లాడుతుంటే కొరకడానికి వచ్చినట్టుంది. ప్రతిసారీ దేవరాజు మొహం దిగాలుగా పెట్టేవాడు. బస్సెక్కి సీట్లో కూర్చున్నాక మాత్రం, వచ్చేవారం కూడా రావచ్చని ఈల వేసుకునేవాడు.

ఆ శనివారాల్లోనే ఆట ఒకటి మొదలైంది. ఏది కనబడినా పరంజ్యోతి, "చిట్టి అయితే ఏమడుగుతాది?" అనేది. దేవరాజు ఏదో ఒకటి అనేవాడు. ఆమె పెదవి విరిచేది. "అది గుండు ప్రశ్న. చిట్టిది చెప్పు." చివరికి ఆమే చెప్పేది. ఆ ప్రశ్నలు దేవరాజు జన్మలో రాయగలిగినవి కావు. ఒకసారి నరసింహులు కొత్త బండరాయిని సుత్తితో తట్టి చెవి ఆనించి వింటుంటే, ఆమె అంది: "లోపల పగులుండే రాయి గొంతు మారుతాదంట. కంటికి కనబడని పగులు చెవికెట్ల తెలుస్తాది?"

చిట్టి కొత్త నోటితో మొదట అడిగింది ఆ ప్రశ్నే. సైన్సు మామకు చెమటలు పట్టాయి. షూటింగ్ ఆపించి, ఎవరో లెక్చరర్‌కు ఫోన్ చేసుకొచ్చి జవాబు చెప్పాడు. కోటు విప్పుతూ, "ఏంది దేవరాజూ, ఈ చిట్టి నన్ను చంపేటట్టుందే," అని వాపోయాడు శేషయ్య.

దవడ కుదిరినా, ప్రశ్నల కోసమంటూ దేవరాజు ఆళ్లగడ్డకు పోతూనే ఉన్నాడు. ప్రతి శనివారం ప్రోగ్రాం అయిపోగానే పరంజ్యోతి ఫోన్ చేసేది.

"గుండు పదకొండు, చిట్టి ఆరు. ఇంకా తక్కువే." టక్కున పెట్టేసేది.

ఆ పది సెకన్ల ఫోన్ కోసం దేవరాజు వారమంతా చొక్కా జేబు తడుముకుంటూ తిరిగేవాడు.

"అక్కా," అని రుక్సానాను అడిగాడు ఒకరోజు. "ఆమె ఫోన్ చేసేది లెక్క చెప్పేదానికా, నాతో మాట్లాడేదానికా?"

"అడుగు."

"ఎట్లడగాల?"

"నోటితో."

చెప్పినంత సులువా? అయినా ధైర్యం చేశాడు. తర్వాతి ఫోన్‌లో ఆమె లెక్క చెప్పి పెట్టేసేలోపు, "తిన్యావా?" అని అడిగేశాడు.

"చిట్టి కోసం అడుగుతాండావా?"

దేవరాజు మాట మార్చాడు. "ఆ... అవును, చిట్టి కోసమే. పిల్లోల్లు పొద్దున్నే ఏం తింటారో రాయాల కదా."

"ఓ," అంది పరంజ్యోతి. "ఉగ్గాని, బజ్జి." పెట్టేసింది.

ఆ "ఓ"లో ఏముందో తెలియక దేవరాజు రెండు రోజులు తిండి సరిగా తినలేదు.

*

ఆగస్టులో ఒక శనివారం ఆళ్లగడ్డలో పెద్ద వాన పట్టుకుంది. నరసింహులు విగ్రహం ఒకటి అప్పజెప్పడానికి శిరివెళ్ల పోయాడు. షెడ్డు రేకుల మీద వాన దబదబా పడుతోంది. పక్కపక్కన కూర్చున్నా అరిచి మాట్లాడుకోవాల్సి వస్తోంది. ఇద్దరూ ఒకే బండ మీద, మధ్యలో కీలు బిగించడానికి తెచ్చిన చిట్టి.

"వాన రాకముందే చీమలకెట్ల తెలుస్తాది?" అని అరిచాడు దేవరాజు.

"గుండుది!"

"కప్పలు ఇన్నాళ్లూ యాడుండి ఇప్పుడొచ్చినాయి?"

"అదీ గుండుదే!"

వాన ఒక్కసారిగా తగ్గింది. రేకుల మీద చప్పుడు ఆగేసరికి షెడ్డంతా కొత్తగా, పెద్దగా అనిపించింది. పరంజ్యోతి చిట్టి దవడను వేలితో తెరుస్తూ మూస్తూ కూర్చుంది. తల ఎత్తకుండా అంది:

"ఒక మనిషి పక్కనున్నప్పుడు ఒక్క మాటా రాదు. ఆ మనిషి బస్సెక్కి పోయినంక చెప్పాల్సినవన్నీ గుర్తొస్తాయి. అదెందుకు?"

తననే అడిగిందేమో అని దేవరాజుకు ఒక్క క్షణం అనిపించింది. వెంటనే తనకు తానే బుద్ధి చెప్పుకున్నాడు. ఆమె ఏనాడు తన కోసం అడిగింది? అన్నీ చిట్టి కోసమే కదా. లేనిపోనివి ఊహించుకుని పరువు పోగొట్టుకోవడం ఎందుకు? జేబులోంచి పెన్ను తీశాడు.

"భలే ప్రశ్న! ఆగాగు, రాసుకుంటా."

పరంజ్యోతి తల ఎత్తి అతన్ని చూసింది. తర్వాత అతని పెన్నును చూసింది.

"రాసుకున్యావా?"

"ఆ. సూపరుంది."

"సరే. బస్సుకు టైమైంది, పో."

బస్సుకు ఇంకా గంట ఉంది. ఆ మాట అనబోయాడు గానీ, ఆమె అప్పటికే లేచి వెనక్కి తిరిగి ఉలులు సర్దుతోంది. వాన మళ్లీ మొదలైంది. దేవరాజు తడుస్తూ బస్టాండుకు పోయాడు. దారంతా ఆలోచించినా తను చేసిన తప్పేమిటో అంతుపట్టలేదు.

*

ఆ ఎపిసోడ్ వచ్చింది. చిట్టి ఆ ప్రశ్న అడిగింది. సైన్సు మామ కోటు సర్దుకుని, "మనకు కంగారు పుట్టినప్పుడు మెదడు కొంచెంసేపు మొద్దుబారుతుంది పిల్లలూ, నీళ్లు తాగితే సరిపోతుంది," అన్నాడు. గుండు ఎనిమిది ప్రశ్నలు, చిట్టి తొమ్మిది. ఇన్ని నెలల్లో చిట్టి గెలవడం అదే మొదటిసారి.

దేవరాజు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. పదకొండు దాటింది, పన్నెండు దాటింది. రెండింటికి మెసేజ్ వచ్చింది.

"గుండు 8, చిట్టి 9. నా పని అయిపోయింది. ఇంగ నువ్వు ఆళ్లగడ్డకు రావాల్సిన పని లేదు."

ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజ్ పెడితే జవాబు లేదు. ఆ రోజు నుంచి దేవరాజుకు నంద్యాల అంతా బోసిపోయింది. ఆ అమ్మాయి లేకుండా శనివారాలు ఎట్లా గడుస్తాయో ఊహించుకోవడానికే భయమేసింది. ప్రేమంటే ఇదేనని అతనికి తెలుసు. తెలియనిదల్లా ఆమెకు కోపం ఎందుకన్నదే.

"చిట్టి నోరు మాటకు సరిగా కలవలేదంటావా?" అన్నాడు రుక్సానాతో. "లేకపోతే చిట్టి మరీ ఎక్కువ అడిగేసిందనా? సమానంగా ఉండాలనుకునిందేమో!"

రుక్సానా కొత్త గౌనుకు అంచు కుడుతోంది. సూది నోట్లో పెట్టుకుని ఏదో అనబోయింది కానీ, అంతలోనే దేవరాజు లేచి నిలబడ్డాడు.

"తెలిసింది! ప్రశ్నలన్నీ ఆమెవి. పేరు మాత్రం నాది పడుతుంది. అందుకే కోపం!"

ఆ ఉత్సాహం చూసి రుక్సానా కూడా అదే నిజమేమో అనుకుంది. తర్వాతి శనివారం ప్రోగ్రాం మొదట్లో పోయినవారం ముక్క వేశారు. చిట్టి మళ్లీ ఆ ప్రశ్నే అడిగింది. కింద పెద్ద అక్షరాలతో, పసుపు రంగులో: "ఈ ప్రశ్న అడిగినవారు: కుమారి పరంజ్యోతి, ఆళ్లగడ్డ."

గంటలోపే ఫోన్ మోగింది. దేవరాజు ఎగిరి పట్టుకున్నాడు. అటువైపు నరసింహులు.

"ఏందప్పా నువ్వు చేసిన పని? బడిలో పిల్లోల్లు మా పాప ఎంట పడినారంట. 'టీచర్, ఎవరు పక్కనుంటే మీకు మాటలు రావు? ఎవరు బస్సెక్కి పోతారు?' అని. హెడ్‌మాస్టరూ అడిగినాడంట. పాప ఇంటికొచ్చి తలుపేసుకునింది."

"సార్, నేను మంచి జరగాలనే..."

"నేనూ ఒకటి అడుగుతా, చెప్పు. మా షెడ్డుకొచ్చి ప్రతివారం బస్సెక్కి పోయేది ఎవరు?"

ఫోన్ కట్టయింది. దేవరాజు గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. రుక్సానా అతని మొహం చూసి సంగతంతా కనుక్కుంది. విన్నాక సూదిని గుడ్డకు గుచ్చి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఆ ప్రశ్న ఆమె నిన్ను అడిగిందా? వానలో? పక్కన కూర్చుని?"

"చిట్టి కోసం అనుకుంటి అక్కా."

"నేనూ నీ మాట నమ్మితి చూడు, నాకు బుద్ధిలేదు! నీకా మాట చెప్పేదానికి ఆ పిల్ల ఎన్ని రోజులు ధైర్యం కూడగట్టుకునిందో. నువ్వేమో దాన్ని కాగితం మీద రాసుకుని, బొమ్మ నోట్లో పెట్టి, శేషయ్యతో 'నీళ్లు తాగు' అని చెప్పిస్తివి. అది చాలదని పేరు కూడా వేస్తివి!"

దేవరాజుకు అప్పుడు తలకెక్కింది. ఆమె నోరు విప్పి తన కోసం తాను అడిగిన మాట అదొక్కటే. దాన్ని కూడా తీసుకుపోయి చిట్టికిచ్చేశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు తుడుచుకోకుండానే మెట్లు దిగాడు.

*

బస్సులో చెప్పాల్సిన మాటలన్నీ కట్టుకున్నాడు. శిరివెళ్ల దాటేసరికి సగం జారిపోయాయి. ఆళ్లగడ్డలో దిగేసరికి ఒక్కటీ లేదు.

నరసింహులు షెడ్డు ముందర రాయి నునుపు చేస్తున్నాడు. దేవరాజును చూసి, గడ్డంతో లోపలికి చూపించాడు.

పరంజ్యోతి అతని అడుగుల చప్పుడుకే గుర్తుపట్టింది. తిరిగి చూడలేదు. "ఏం కావాల? కొత్త ప్రశ్నలా? అయిపోయినాయి."

"మామ తప్పు జవాబు చెప్పినాడు," అన్నాడు దేవరాజు.

"సరే. సరిచేసి మళ్లీ వేసుకో."

"టీవీలో వేసేదానికి కాదు. నీకు చెప్పేదానికి వచ్చినా. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెల్దు జ్యోతీ. నాకూ అట్లే అయితాంది. నంద్యాలలో బస్సెక్కేటప్పుడు నూరు మాటలుంటాయి. ఈడికొచ్చి నిన్ను చూస్తే ఒక్కటీ ఉండదు. అందుకే ప్రతివారం పనికిమాలిన మాటలు మాట్లాడి పోతి. కీలు, దవడ, కప్పలు..."

ఆమె తిరిగింది. ఏడ్చిన కళ్లు. "ఆ పొద్దు పెన్ను ఎందుకు తీసినావు?"

"భయంతో."

"దేనికి భయం?"

"నువ్వు నన్నే అడిగినావనుకుని, కాదని తేలితే యాడికి పోయేది నేను? చిట్టి కోసమనుకుంటే ఆ బాధ లేదు కదా."

పరంజ్యోతి స్టూలు మీద కూర్చుంది. "నేనూ అట్లే అనుకుంటి," అంది. "నువ్వొచ్చేది ప్రశ్నల కోసమని. 'తిన్యావా' అని అడిగితివి చూడు, ఆ పొద్దు నాకు ఎంత సంతోషమైందో తెలుసా? మరు నిమిషంలోనే చిట్టి కోసమంటివి."

"ఆ పొద్దు నీకోసమే అడిగినా."

"చెప్పాల కదా మరి!"

"నువ్వూ చెప్పాల కదా!"

ఇద్దరూ ఒకరినొకరు కోపంగా చూసుకున్నారు. ముందు నవ్వు వచ్చింది ఆమెకే. దేవరాజు ఊపిరి పీల్చుకున్నాడు. ఈ నవ్వు కోసం ఇంకో ఇరవై ఏళ్లు తిట్టించుకోవడానికైనా సిద్ధమే అనుకున్నాడు.

"నువ్వంటే నాకు ప్రాణం జ్యోతీ," అన్నాడు. "ఆదివారం మా అమ్మానాయనను తోలుకొస్తా. నిన్ను చూసి పోతారు."

"ఎందుకు చూడాల? నేనేమన్నా షెడ్డులో అమ్మకానికి పెట్టిన విగ్రహాన్నా?" చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నేనొస్తా నంద్యాలకు. మీ ఇల్లు చూస్తా. నీ సంగతులు మీ అమ్మను అడుగుతా. నచ్చితే చెప్తా."

"నచ్చకపోతే?"

"అదీ చెప్తా."

దేవరాజు బయట రాయి రుద్దుతున్న ఆయన వైపు బెదురుగా చూశాడు. నరసింహులు తల ఎత్తలేదు. "నన్ను చూడొద్దప్పా. దాన్ని ఆపేది నాతోనే కాలే, నీతో అయితాదా? ఆదివారం తోలుకొస్తా, ఉండు," అన్నాడు.

*

ఆ ఆదివారం నంద్యాలలో దేవరాజు ఇంట్లో ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. వాళ్ల అమ్మ ఉమామహేశ్వరమ్మ ముప్పై మంది పెళ్లిచూపుల్లో కూర్చున్న మనిషి. పిల్ల మనింటికి వస్తే ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆమెకూ తెలియదు. కొడుకును లోపలి గదిలో నిలబెట్టింది. వాళ్ల నాయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

పరంజ్యోతి నరసింహులుతో వచ్చి, నీళ్లు తాగి, మొదలుపెట్టింది. "అమ్మా, మీవాడికి కోపమొస్తే ఏం జేస్తాడు? తప్పైతే ఒప్పుకుంటాడా? నాకు ఒంట్లో బాగలేకపోతే వంట చేస్తాడా, హోటలుకు పోతాడా?"

ఉమామహేశ్వరమ్మ తడబడింది. ముందు కొడుకును వెనకేసుకొచ్చింది. తర్వాత కొంచెం కొంచెంగా నిజాలు చెప్పడం మొదలుపెట్టింది. కోపమొస్తే అన్నం తినడని. తప్పు ఒప్పుకోవడానికి వారం పడుతుందని. అన్నం వండుతాడు గానీ గంజి వార్చేటప్పుడు చెయ్యి కాల్చుకుంటాడని.

లోపలి గదిలో, ఇస్త్రీ చొక్కాలో, తలుపు వెనక దేవరాజుకు చెమటలు పోస్తున్నాయి. తన గురించి పక్క గదిలో నలుగురూ మాట్లాడుకుంటున్నారు, తను పలకడానికి లేదు. రమ్మన్నప్పుడు పోవాలి, చూసినప్పుడు చూపించుకోవాలి. పెళ్లిచూపుల నాడు తన తోడబుట్టిన అక్క ఈ తలుపు వెనకే ఇట్లాగే నిలబడింది. ఆ రోజు తను హాల్లో కూర్చుని బజ్జీలు తింటూ నవ్వుతున్నాడు. అక్కకు ఎట్లా ఉందో అడగాలని కూడా తోచలేదు. ఇప్పుడు తెలిసొచ్చింది. షెడ్డులో నవ్వింది నిజమే, కానీ ఇక్కడికొచ్చి ఇవన్నీ విన్నాక వద్దనుకుంటే? నచ్చకపోతే చెప్పేసే మనిషి ఆమె.

"దేవా, బయటికి రా," అని పిలిచింది అమ్మ.

వచ్చి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పరంజ్యోతి అతన్ని తీరిగ్గా, పై నుంచి కింది దాకా చూసింది. ఆమె మొహంలో ఏమీ కనబడలేదు. నాయన పేపరు దించాడు. నరసింహులు మీసం సవరించుకున్నాడు.

ఉమామహేశ్వరమ్మ గొంతు సవరించుకుంది. ఆ ఇంట్లో ఇంతవరకు మగపిల్లవాళ్లనే అడిగిన మాటను మొదటిసారి ఒక ఆడపిల్లను అడిగింది.

"ఏమ్మా, మా వాడు నచ్చినాడా?"

దేవరాజు కళ్లు మూసుకున్నాడు.

"అడగాల్సినవి ఇంకా శానా ఉండాయి," అంది పరంజ్యోతి. "ఒక్కరోజులో అయ్యేవి కాదు. మెల్లగా అడుక్కుంటాలే అత్తా."